చొక్కా గుండీతో వెనక్కి మళ్లిన వాన

"నమ్మితే నమ్మండి, లేదంటే టీ తాగేసి లేవండి," అంటూ టాక్సీ డ్రైవరు గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు. "మొన్నటి వానలో మా తోడల్లుడి కొత్త కారుని కాపాడింది ఈ చెయ్యే!"

దర్జీ సర్దుకుని కూర్చున్నాడు. టీకొట్టు అక్క స్టవ్ తగ్గించింది. ఎదురు షెడ్డు ఎలక్ట్రీషియన్ మాత్రం టీ ఊదుకుంటున్నాడు. డ్రైవరు పాత కారు రెండు రోజులుగా ఆ షెడ్డులోనే ఉంది.

తోడల్లుడు ఆ కరెంటు కారు కొన్నప్పటి నుంచీ డ్రైవరుకి కంటి మీద కునుకు లేదు. అంతకుముందు మామగారు ఎక్కడికి కదలాలన్నా "పెద్దల్లుడికి ఫోన్ చెయ్యండి" అనేవాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరి నోట విన్నా కొత్త కారు ముచ్చటే. ఆఖరికి సొంత పెళ్లాం కూడా "ఎంత మెత్తగా పోతుందోనండీ" అనేసరికి ఒళ్లు భగ్గుమంది.

"అదేం కారయ్యా బాబూ! లోపలంతా గుండు కొట్టించినట్టు నున్నగా ఉంటుంది. నొక్కడానికో మీట లేదు, తిప్పడానికో నాబ్ లేదు. మధ్యలో పలకంత స్క్రీను, అంతే! స్టీరింగు దగ్గర వాడు, పక్కన మామగారు, వెనక నేనూ మా బావమరిదీ. వాన దంచేస్తోంది. వైపర్ వెయ్యి తమ్ముడూ అన్నాను. స్క్రీను మీద వేలు పెట్టాడు. ఏమైందనుకున్నారు? మామగారి సీటు ఢామ్మని వెనక్కి వాలిపోయింది! మళ్లీ నొక్కాడు, వెనక డిక్కీ తెరుచుకుంది!"

"అయ్యో, పెద్దాయన! మరి నువ్వేం చేశావు?" అంది అక్క.

"ఏముంది, వెనక నుంచి చెయ్యి చాపి స్క్రీను మీద ఒక్కటిచ్చాను. చీకటైపోయింది."

"అంటే ఉన్నదీ పాడు చేశావన్నమాట," అన్నాడు దర్జీ.

"మధ్యలో అడ్డు రాకు! చొక్కా గుండీ పుటుక్కున పీకాను. నోట్లో బబుల్‌గమ్ తీసి దాంతో డాష్‌బోర్డుకి అంటించాను. కుడికి తిప్పాను. వైపర్లు లేచాయి చూడూ! ఇంకాస్త తిప్పేసరికి చినుకులు అద్దం మీద పడటం మానేసి, వచ్చిన దారినే పైకి పోవడం మొదలెట్టాయి! వెనక బస్సులో జనం గొడుగులు తిరగేసి పట్టుకున్నారంటే నమ్ము!"

"ఓరి నాయనో! ఆ తర్వాత?" అంది అక్క.

"గుండీ ఎడమకి తిప్పాను. కారు గాల్లోకి లేచింది! కింద వంతెన మీద ట్రాఫిక్ జామ్, పైన మేము. బ్యాటరీ అయిపోవచ్చింది. ఏం భయపడతాం? పక్కనే మెరుపు మెరిస్తే దానికి ఆనించి నింపేశాను. అప్పుడు మామగారు నా చెయ్యి పట్టుకుని, 'అల్లుడంటే నువ్వేనయ్యా' అన్నాడు..."

ఆ ఒక్క మాట దగ్గర డ్రైవరు తన చెయ్యి తనే పట్టుకుని చూసుకున్నాడు. వెంటనే సర్దుకున్నాడు. "తెల్లారేసరికి కంపెనీ వాళ్లు విమానం వేసుకుని దిగారు! ఆ గుండీ ఇప్పించమని కాళ్లావేళ్లా పడ్డారు!"

"బావా," అని వెనక నుంచి వినబడింది. బావమరిది ఎప్పుడొచ్చాడో ఏమో, గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఆ రోజు వైపర్ దానంతటదే పడింది. నువ్వే దిగేటప్పుడు తలుపెలా తియ్యాలో తెలీక లోపల తడుముకుంటుంటే, చిన్నబావ వచ్చి బయటి నుంచి తీశాడు."

కొట్టంతా గొల్లుమంది.

"అది సరేగానీ, నీకోసమే వచ్చాను. రేపు కంటి ఆస్పత్రికి నాన్న నీ కారే తెమ్మన్నాడు. చిన్నబావ కారులో ఆ స్క్రీను కనబడక ప్రతిదానికీ వాళ్లనీ వీళ్లనీ అడగాల్సొస్తోందట. నీ దాంట్లో అయితే అద్దం దించాలన్నా, రేడియో పెంచాలన్నా తడిమితే చేతికి దొరుకుతుందట. 'పెద్దల్లుడి కారు నా చేతికి తెలుసురా' అన్నాడు."

డ్రైవరు ఎగిరి గంతెయ్యాల్సిన మాట అది. కానీ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. మెల్లగా ఎలక్ట్రీషియన్ వైపు తిరిగాడు.

"ఏమయ్యా... నా కారు ఎంతవరకు వచ్చింది?"

"అయిపోయింది. మీరు చెప్పినట్టే నాబ్‌లూ హ్యాండిళ్లూ అన్నీ పీకేసి, మీ తోడల్లుడి దానికన్నా పెద్ద స్క్రీను బిగించాను. ఇక అద్దాలు దించాలన్నా అందులోంచే."

"మరి... ఆ పీకినవో?"

"మీరే పారెయ్యమన్నారుగా."

ఎవరూ నవ్వలేదు. దర్జీ మాత్రం వంగి, డ్రైవరు చొక్కాని పై నుంచి కింది దాకా తీరిగ్గా చూశాడు.

"దిగులు పడకు. గుండీలన్నీ ఉన్నాయి. ఒకటి పీకి అంటించు."