గెస్టుల లిస్టు

ముందు మీరు ఆ నవ్వు ఆపండి సార్. నవ్వితే నాకు తిక్క రేగుతుంది. తిక్క రేగితే నోరాగదు. మొన్న నోరాగకపోబట్టే కదా ఇవాళ మీ బల్ల ముందు నిలబడ్డాను!

కూర్చోను. నిలబడే అడుగుతాను. ఆ లిస్టు నాకు తిరిగి ఇచ్చేయండి.

ఏ లిస్టా? భలేవారే! హాస్టళ్ల సెక్షన్ సూపరింటెండెంటు ప్రసన్నకుమార్ గారికి తెలీని లిస్టా? మీ మోచేతి కిందే ఉంది చూడండి. అడుగున నా సంతకం. మహిమ, ఎమ్మే ఎకనామిక్స్ రెండో సంవత్సరం, పోరాట కమిటీ కన్వీనర్. స్కేలు పెట్టి గీతలు కొట్టి మరీ రాశాను. నలభై ఒక్క పేర్లు. ఒక్క కొట్టివేత లేదు.

పొద్దున హాస్టల్లో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. పంపింది మీరేగా. ఇద్దరు సెక్యూరిటీ ఆడవాళ్లు వచ్చారు, చేతిలో నా లిస్టు జిరాక్సు. అరుపుల్లేవు. తలుపు కొట్టడం లేదు. సుద్దముక్కతో తలుపుల మీద అంకెలు వేసుకుంటూ పోయారు. పన్నెండో రూముకి రెండు. పదమూడుకి మూడు. మా రూముకి ఒకటి. అమ్మాయిలు బ్రష్షులు నోట్లో పెట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. "ఏంటక్కా, ఎలక్షన్లా?" అని ఒక పిల్ల నన్నడిగింది.

ఎలక్షన్లు కాదని నాకు అప్పుడే తెలిసిపోయింది. ఏ రూములో ఎంతమంది గెస్టులున్నారో ఆ అంకె.

తిడితే తిరిగి తిట్టేదాన్ని సార్. సుద్దముక్కనేం తిట్టను?

గెస్టులంటే ఎవరో మీకు తెలుసు. అయినా చెప్తాను. మీరు కాయితం మీద చూశారు, నేను పక్కన పడుకుని చూశాను.

జూన్‌లో ఆర్డరు వచ్చింది కదా, కొత్తగా చేరే పీజీ వాళ్లకి ఫీజు సాయం లేదు, మెస్సు సాయం లేదు అని? సీట్లొచ్చిన పిల్లలు ఏం చేస్తారు? గొడ్డో గోదో అమ్మి ఫీజు కట్టారు. హాస్టలుకి కట్టడానికి ఇంకేం మిగల్లేదు. అందుకని అప్లికేషనే పెట్టలేదు. గప్‌చుప్‌గా మా మంచాల మీదకి వచ్చేశారు. నా మంచం మీదకి స్తుతి వచ్చింది.

స్తుతి వాళ్లమ్మ ఎలీసమ్మ గుంటూరులో కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకి తొడిమలు తీసే కూలి. ఆదివారం అమ్మని చూసి సోమవారం వచ్చిందంటే రూమంతా తుమ్ములే! బట్టల నిండా ఘాటు. "వచ్చావా తల్లీ, నీకంటే ముందు నీ చున్నీ వచ్చిందిలే" అని ఏడిపించేవాళ్లం. మొదట్లో తల ఎటు, కాళ్లు ఎటు అని రోజూ తన్నులాట. ఇప్పుడు నిద్దట్లో కూడా ఇద్దరం ఒకేసారి పక్కకి తిరుగుతాం.

గుంటూరేగా, అమ్మ దగ్గరే ఉండొచ్చుగా అంటారా? ఆవిడ ఉండేది రేకుల షెడ్డులో సార్, ఎనిమిదిమంది ఆడకూలీలతో. అక్కడ పుస్తకం తెరిస్తే కళ్లు మండుతాయి. మాటవరసకి అనట్లేదు, నిజంగానే మండుతాయి.

గెస్టుకి సొంత పేరు ఉండదు. అది మా హాస్టలు కట్టుబాటు. మిరపకోతలు వచ్చాయంటే మా వినుకొండ వైపు అమ్మాయిలు వారానికి నాలుగు రోజులు కూలికి పోతారా, ఆ రోజుల్లో హాజరు పిలిస్తే వాళ్ల పేరుకి పలికేది గెస్టులే. "మహిమ?" అంటే స్తుతి "ప్రెజెంట్ మేడమ్" అంటుంది. వార్డెన్ తలెత్తరు. మెస్సులో ప్లేటు మాది, రెండోసారి పెట్టించుకునే అన్నం వాళ్లది. వంటామె పున్నమ్మ ఇంకో రెండు గరిటెలు వేసి, "ఏమే, అది కడుపా చెరువా?" అని కసురుతుంది. అంతకుమించి ఒక్క మాట అడగదు. తొమ్మిది నెలలు పైవాళ్లకి తెలీకుండా నడిచింది.

నేను తెలిపాను.

ఆ ఫోను ఎత్తరేం? మూడోసారి మోగుతోంది. పైనుంచా? సరే... మోగనివ్వండి.

వచ్చే జూన్ నుంచి పాతవాళ్లకి కూడా సాయం తీసేస్తామనేసరికి మెయిన్ గేటు దగ్గర టెంటు వేశాం. పంతొమ్మిది రోజులు. పత్తి ట్రాక్టర్ల వాళ్లు కూడా బండ్లు ఆపి మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చిపోయారు. ఇరవయ్యో రోజున చర్చలకి పిలిచారు. మీరూ ఉన్నారుగా, మూల కుర్చీలో! రిజిస్ట్రారు పెద్దసారు ఫైలు తెరిచి ఏమన్నారు? "ఈ ఏడు కొత్తగా చేరిన ఆడపిల్లల్లో హాస్టలు కావాలని అడిగినవాళ్లు దాదాపు లేరు. అంటే ఏంటమ్మా? స్తోమత ఉందనేగా? సాయం ఆపితే ఎవరికి నష్టం జరిగిందో చూపించు."

చూపించమన్నారు సార్! నన్ను!

ఇంటర్ నుంచి వక్తృత్వ పోటీల్లో కప్పులు కొట్టుకొచ్చినదాన్ని. అవతలివాడు ఋజువేదీ అంటే బల్ల గుద్ది చూపించడం తప్ప ఇంకోటి నేర్చుకోలేదు. ఆ సాయంత్రమే పెన్ను పట్టుకుని రూము రూముకీ తిరిగాను. పేరు, ఊరు, అమ్మానాన్నల పని, ఎవరి మంచం మీద ఉంటోంది. చెప్పారు సార్. కాదనకుండా చెప్పారు. అర్ఫా అయితే "అక్కా, నా ఇంటిపేరు కూడా రాయి, తొమ్మిది నెలలైంది విని" అని నవ్వింది.

స్తుతి ఒక్కతే అడ్డం పడింది. "ఒసేయ్, అక్కడ గంట కొట్టి మార్కులేసే జడ్జీలుండరే. పేరు లేకపోబట్టే మేమిక్కడ ఉన్నాం. పేరు రాశావంటే పొమ్మన్నట్టే."

"భయపడేవాళ్లతో ఉద్యమాలు రావు" అన్నాను.

అనేశాను, మైకు ముందు అన్నట్టు. నా మంచం మీద, నా పక్కన కూర్చున్న పిల్లతో. నా చేతిలోని కాయితం తనవైపు తిప్పుకుంది. తర్వాత "అయితే నాదే మొదట రాయి. నీ మంచం మీద ఉన్నదాన్ని దాచి, మిగతావాళ్లవి ఎట్లా రాస్తావు?" అంది. తనే స్పెల్లింగు చెప్పింది.

మర్నాడు పెద్దసారు బల్ల మీద పెట్టాను. ఆయన మొహం మాడుతుందనుకున్నా. మాడలేదు. నింపాదిగా చివరిదాకా చదివి, "థాంక్యూ అమ్మా" అన్నారు. అంత మర్యాదగా ఆ గదిలో నాతో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడన్నా నాకు తట్టాలి కదా? అబ్బే! బయటికొచ్చి జిందాబాద్‌లు కొట్టించాను.

ఇప్పుడు స్తుతి బట్టలు సర్దుతోంది. తిట్టట్లేదు, ఏడవట్లేదు. నా చీర ఒకటి తన సంచిలో కలిసిపోయిందని తీసి, మడతపెట్టి నా దిండు మీద పెట్టింది. ఆ మడత చూశాకే పరిగెత్తుకుంటూ మీ దగ్గరికి వచ్చాను.

ఏంటి సార్? కొంచెం గట్టిగా చెప్పండి.

కేసా? పోలీసు కేసా? హాస్టల్లో అక్రమంగా ఉన్నందుకు... నలభై ఒక్కమంది మీదా? సోమవారం పొద్దున ఈ లిస్టు స్టేషనుకి పోతుందా?

వాళ్లలో సగంమంది సర్కారు ఉద్యోగాలకి చదువుతున్నారండీ. ఎఫ్ఐఆర్‌లో పేరుంటే ఎవరిస్తారు ఉద్యోగం? తిన్నది రెండు గరిటెల అన్నం! పడుకున్నది మంచంలో సగం!

ఈ తెల్లకాయితం ఎందుకు?

ఓహో.

అందుకా నన్ను లోపలికి రానిచ్చి తలుపు వేయించారు.

లిస్టు అబద్ధమని రాయాలా. ఉద్యమం కోసం పేర్లన్నీ నేనే పుట్టించానని. అప్పుడు కేసుండదు, కేసు పెట్టడానికి మనుషులుండరు కనుక. తలుపుల మీద అంకెలు తుడిచేస్తారు. స్తుతి సంచి విప్పుకుంటుంది. అంతేనా?

మరి నాకు? దొంగ కాయితం పెట్టినందుకు పరీక్షలు రాయనివ్వరు. సరే, అది నేను పడతాను. టెంటు సంగతేంటి? కన్వీనరే అబద్ధాలకోరు అని తేలాక ఆ టెంటు కింద ఎవరు కూర్చుంటారు? జూన్‌లో సాయం పోతుంది, మొత్తం అందరికీ. వచ్చే ఏడు ఇంకో నలభైమంది వస్తే వాళ్లకి సగం మంచం ఇవ్వడానికి ఎవరికీ మంచమే ఉండదు.

ఎంత బాగా వేశారు సార్ ముడి! ఎన్ని పోటీలకి పోయినా ఇంత చక్కటి ఉచ్చు నేనెవరికీ వెయ్యలేకపోయాను.

ఈ ఆలోచన పెద్దసారుదా, మీదా?

చూపు తిప్పుకోకండి. పున్నమ్మ చెప్పింది నాకు. అప్పట్లో ఆవిడ మగపిల్లల హాస్టల్లో వండేదట. కొత్తపట్నం నుంచి వచ్చి మీరూ అక్కడే రెండేళ్లు గెస్టుగా ఉండి చదివారట కదా! ఎవరి మంచమో, ఎవరి పేరుకి పలికారో. అందుకేనా సార్, నన్ను గెంటెయ్యకుండా ఈ దారి చూపిస్తున్నారు? జాలా ఇది? లేకపోతే గెస్టు ఎక్కడ దొరుకుతుందో గెస్టుకే తెలుసని ఈ పని మీకప్పగించారా?

తలెత్తరు. నాకు రెండూ ఒకటేలెండి, సంతకం పెట్టాల్సింది నేనేగా.

పెన్ను ఇవ్వండి.

"నేను, మహిమ, ఎవరి బలవంతమూ లేకుండా..." రాశాను. తర్వాత? "సదరు జాబితాలోని విద్యార్థినులు..." ఆ. అడ్డంగా ఒక్క గీత కొడితే చాలదా? పేరు పేరునా రాయాలా? నలభై ఒక్కసార్లా? పెద్దసారుకి అట్లాగే కావాలా... సరే.

ఒకటి. స్తుతి, తల్లి ఎలీసమ్మ, మిరప కూలి. అట్లాంటి అమ్మాయి లేదు.

రెండు. అర్ఫా, తండ్రి పత్తి మిల్లులో హమాలీ. లేదు.

మూడు. మాధురి, కౌలు రైతు కూతురు. లేదు.

ఇంకేం సార్, మీ ఆర్డరే కరెక్టు. సాయం కావాల్సిన ఆడపిల్ల ఈ యూనివర్సిటీలో ఒక్కతీ లేదు.

చదవండి. లిస్టు మీ దగ్గరే ఉందిగా, నాలుగో పేరు మీరే చదవండి.