మామగారి పాత ఇంజను

పెళ్లాన్ని నది అవతలికి, కొత్త కాపురానికి తీసుకెళ్లడానికి అల్లుడు మామగారి పడవ అడిగాడు. పాత ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. మామగారు గట్టు మీద కుర్చీ వేసుకుని చూస్తున్నారు.

“తాడు లాగడం కూడా చేతకాదా అల్లుడూ?”

“కార్బురేటర్‌లో ఏదో అడ్డుపడింది మామయ్యా.”

“నీ చేతిలో పడ్డది ఏది బాగుపడింది గనక?”

అల్లుడు కార్బురేటర్ ఊడదీసి, దాని అడుగు గిన్నెను అరచేతిలోకి వంచాడు.

“ఇవి నీళ్లు.”

“వాన పడింది కదా.”

“వాన పడి నెల దాటింది. ట్యాంకు తాళంచెవి మీ దగ్గరే ఉంది.”

“అయితే నేనే పోశానంటావా?”

“కూతుర్ని వదిలి ఉండలేనని నోటితో చెప్పొచ్చుగా. ఇంత చవకబారు పని చెయ్యాలా?”

మామగారు భుజం మీది తువ్వాలు తీసి దులిపారు.

“చెబితే వింటుందా? బుద్ధుంటే నిన్ను కట్టుకునేదే కాదు.”

అల్లుడు ట్యాంకూ గిన్నే ఒంపేసి, కార్బురేటర్ మళ్లీ బిగించి, కొత్త పెట్రోలు పోసి తాడు లాగాడు. ఇంజను అందుకుంది. కూతురు సంచితో వచ్చి పడవెక్కింది. మామగారు ఆమె వైపు చూడలేదు.

“వేడెక్కగానే చోక్ లోపలికి నొక్కు. లేకపోతే నది మధ్యలో ఆగిపోతుంది. అదీ నేనే చెప్పాలా, దద్దమ్మా.”