నూటికి నూట పన్నెండు

నన్ను కోతి అంటారని నీకెవరు చెప్పార్రా? ఆ ముసలి గుమాస్తానా? పోన్లే, తప్పేం లేదు. ఆ బిరుదు నాకు జెరే ఇచ్చాడు. సరిహద్దు అవతల, మలావీలో, వాళ్ళ జిల్లా ఆరోగ్య లెక్కలు చూసేవాడు. ఇవతల జాంబియాలో మా జిల్లా లెక్కలు నావి. వాడిది న్గోనీ తెగ, నాది బెంబా తెగ. మా తాతలు ఈటెలతో పొడుచుకున్నారు గనక మనవలం నోటితో పొడుచుకోవాలి, అదీ మన చుట్టరికం. నువ్వూ న్గోనీ పిల్లాడివే, నన్ను వెక్కిరించే హక్కు నీకూ ఉంది. వాడుకోవు. సార్ సార్ అంటావ్, అదే నీతో చిక్కు.

ఏం చెప్తున్నా... ఆఁ, టీకాలు. ఆ ఏడు మా జిల్లాలో తట్టు టీకా నూటికి నూట పన్నెండు మంది పిల్లలకి పడింది. నవ్వకు. పైవాళ్ళు నవ్వలా, "శభాష్ కసొండే గారూ!" అని చప్పట్లు కొట్టారు. నేను కోటు కుట్టించుకున్నా, ఆ ఎండల్లో! "వంద మందిలో నూట పన్నెండు మందికి ఎట్లా వేస్తారండీ?" అని మా ఆవిడ అడిగితే, "నీకు లెక్కలు తెలీవు, పొయ్యి మీది న్షిమా ముద్ద కలుపు" అన్నా. ఎంత తెలివైనవాణ్ణో చూడు.

అప్పుడే రెండు దేశాల లెక్కలూ ఒకచోట చేర్చాలన్నారు. తట్టుకి సరిహద్దు చౌకీలో ముద్ర అక్కర్లేదు కదా! వాళ్ళొకటి, మేమొకటి రాసుకుంటూ కూచుంటే మందు ఎటు పంపాలో ఎవడికి తెలుస్తుంది? మొదటి సమావేశంలో కోటు వేసుకుని లేచి నూట పన్నెండు చదివా. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. మర్యాదస్తులు, పరాయి దేశం అంకెని అబద్ధం అంటారా? జెరే లేచాడు. "కసొండే బావా, ఆ పన్నెండూ ఎవరికి వేశావు? కోతులకా? ఎలాగూ మీ బెంబాలు వాటిని వండుకు తింటారుగా, టీకా దండగ!" హాలంతా గొల్లుమంది. నేనూరుకుంటానా? "ఎలుకలు తినే మొహమా, పిల్లల్ని ఎలుకల్తో కలిపి లెక్కేశావు, అందుకే మీకు అరవై" అన్నా. అనేశాక నాకే లెక్క వెలిగింది. వాళ్ళకి అరవై, మాకు నూట పన్నెండు. వాళ్ళ తల్లులు పిల్లల్ని వీపున కట్టుకుని మా ఆసుపత్రికే వస్తున్నారు, వాళ్ళకి అదే దగ్గర. మరి మా కొండ మీది పిల్లలకి ఎవరేశారు? ఎవరూ వెయ్యలా. నా గొప్ప అంకె వెనక ఎవరికీ కనపడకుండా పోయారు. పైవాళ్ళేమో మీకింక మందు అక్కర్లేదని రాసేశారు. తట్టు అప్పటికే పక్క లోయలో ఉంది.

ఇద్దరం కూచుని, తిట్టుకుంటూ, ఎండుచేపలు నంజుకుంటూ సూత్రం ఒకటి పెట్టాం. సూది ఎక్కడ గుచ్చినా, మనిషిది ఏ ఊరో ఆ ఊరి లెక్కలోనే రాయాలి. మా అంకె డెబ్భైకి దిగింది. కోటు మడిచి పెట్టెలో పెట్టా. మందు మాత్రం వచ్చింది. కొండ మీది ఊళ్ళకి తట్టు కంటే మేమే ముందు చేరాం. అన్నిటికీ కాదులే. రెండు ఊళ్ళకి ఆలస్యమైంది. వాటి సంగతి ఇప్పుడొద్దు.

జెరే పోయింది మా ఆసుపత్రిలోనే, షుగరు ముదిరి. పూడ్చింది వాళ్ళ ఊళ్ళో. న్గోనీల చావు దగ్గర నవ్వించాల్సింది వేళాకోళం వరస ఉన్న మేం బెంబాలమే కదా, దారి పొడుగునా వేళాకోళాలు కూర్చుకుంటూ పోయా. తీరా గొయ్యి దగ్గర ఒక్కటీ నోటికి రాలా. అందరూ నా వంకే చూస్తున్నారు. వాడి పెళ్ళాం తమండా, "ఏం బావా, ఏడవడానికి మేం లేమా? నీ పని నువ్వు చెయ్యి" అంది. అప్పుడు వాళ్ళ ఆఫీసువాళ్ళ మీద అరిచా. "ఈ చావు మీరెవరూ రాయొద్దు! వీడు మీ ఊరివాడేనని నాకూ తెలుసు. అయినా మా లెక్కలోనే రాసుకుంటా. దొంగలెక్కే! దమ్ముంటే లేచి తప్పని చెప్పండి!" అందరూ నవ్వారు. తమండా కూడా నవ్వింది. నేను అట్లాగే నిలబడి చూశా, ఎవడైనా లేచి తిడతాడేమోనని.

ఎవరూ లేవలా.

ఆ కిటికీ వెయ్యి నాయనా, దుమ్మొస్తోంది.