మూడోసారి అడగని వాళ్లు

హలో… ఆ, నేనే. నా ఫోను నేను కాక ఇంకెవరు తీస్తారే?… ఇబ్బందేం లేదు, చెప్పు… ఖాళీగానే ఉన్నాను… ఖాళీగానే ఉన్నానే, బ్రిట్టా. ఇంకోసారి అడిగావంటే కావాలని ఏదో ఒక పని పెట్టుకుంటాను.

—సాల్, ఆ టీవీ కాస్త తగ్గించు. మా చెల్లెలి కూతురు, మిన్నెసోటా నుంచి.

ఆ, చెప్పు… నీ అప్లికేషన్ వ్యాసమా? చదివాను. నువ్వు పంపిన రోజే చదివాను, పిల్లల పరీక్ష పేపర్లు కూడా పక్కన పెట్టి… మళ్లీ అప్లికేషన్ పెట్టాలని ఉందా? పెట్టు. వద్దని ఎవరన్నారు?… బలం చాలలేదంటావా? మార్కులకేం తక్కువే నీకు? ప్రవేశ పరీక్షలో మీ జిల్లా అంతా వెతికినా నీ అంత తెచ్చుకున్నవాళ్లు దొరకరు… 'పర్లేదు' కాదు, బాగా వచ్చాయి. 'బాగా' అను ఒకసారి… సరే, వద్దులే. నోరు నొప్పి పుడుతుంది.

అది కాదమ్మా. ఒక్కటి తప్ప మెడికల్ కాలేజీలన్నీ నిన్నెందుకు వద్దన్నాయో నాకు ఆ వ్యాసం మొదటి పేజీలోనే తెలిసిపోయింది… చెప్పనా? ఇదుగో, నా ముందే ఉంది. 'ఒక చలికాలం సరస్సు దగ్గర ఒకాయనకు మేము కొంచెం సాయపడ్డాం.'

ఏమిటే ఇది?

…ఏం జరిగిందో మీ అమ్మ నాకు ఎప్పుడో చెప్పింది. చేపలకని వెళ్లిన ముసలాయన కాళ్లకింద మంచు పగిలి నీళ్లలో పడితే, నువ్వు బోర్లా పాకుతూ వెళ్లి, తాడేసి లాగావు. ఊపిరి ఆగిపోయిన మనిషిని అంబులెన్స్ వచ్చేదాకా గుండె మీద నొక్కి నొక్కి బతికించావు. దానికి 'కొంచెం సాయపడ్డాం'? మేము అంటే ఎవరే? నువ్వూ, మంచుగడ్డా?… తాడు, మంచు మీద చేపలకని గుడిసె వేసుకున్న పక్కవాళ్లదా? అందుకని వాళ్లనీ కలిపావా? అయితే తాడు పేనిన కంపెనీని కూడా రాయాల్సింది.

నవ్వకు. లోకమంతా గోరంతని కొండంత చేసి చెప్పుకుంటుంటే, నువ్వు కొండని పట్టుకొచ్చి గోరంత చేశావు. మా స్కూల్లో ఒకడున్నాడు, కుక్కపిల్లకి స్నానం చేయించి 'పశు సంరక్షణలో అనుభవం' అని రాసుకున్నాడు… వచ్చింది. వాడికి సీటు వచ్చింది.

సరే, ఇంటర్వ్యూ సంగతి చెప్పు. 'మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి' అని అడిగి ఉంటారుగా?… ఆ… ఏమన్నావు?… ఊ… 'బయట కూర్చున్న వాళ్లు కూడా చాలా మంచివాళ్లలాగే ఉన్నారు' అన్నావా?

…లేదు, వింటున్నాను. నుదురు కొట్టుకున్నా, ఆ చప్పుడే అది.

డాక్టర్ల దగ్గర్నుంచి సిఫారసు ఉత్తరాలు? రెండేళ్లు పనిచేశావుగా ఆ ఆసుపత్రిలో, ఆ టెక్సాస్ డాక్టరు దగ్గర… ఆ, కాంటు. ఆయన రాశాడా?… ఎందుకు రాయలేదు? నువ్వంటే ఆయనకి ఎంతో ఇష్టమని మీ అమ్మ—… అడిగాడా? తనంతట తనే 'రాయనా' అని అడిగాడా? నువ్వేమన్నావు?… 'అబ్బే, మీకెందుకు శ్రమ.' ఊ, తర్వాత?… 'నిజంగా వద్దా' అన్నాడు. నువ్వు 'నిజంగానే' అన్నావు. ఆయన 'సరే' అని వెళ్లిపోయాడు.

ఓ నా తల్లీ. ఆయన మూడోసారి అడుగుతాడని చూస్తూ నిలబడ్డావు కదూ?

…అది మన ఊరి లెక్కే. రెండుసార్లు వద్దనాలి, మూడోసారి 'మరి మీరు అంతగా అంటున్నారు కాబట్టి' అని తీసుకోవాలి. టెక్సాస్ వాళ్లకి ఆ సంగతేం తెలుసు? వాళ్లకి వద్దంటే వద్దనే. మొహమాటానికి పోతే ఏమైందో చెప్పే సామెత ఒకటుంది, అది నీకు నేను చెప్పకూడదు… పెళ్లయ్యాక చెప్తాలే.

మరి ఆయన బదులు ఎవరి ఉత్తరం పెట్టావు?… చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడదా. మంచిది. ఆపరేషన్‌లో కోత కోసేటప్పుడు శ్రుతి తప్పవని రాసి ఉంటుంది.

కాగితం తీసుకో. రేపు కాంటు దగ్గరికి వెళ్లి 'నాకు ఉత్తరం కావాలి, రాయండి' అను. వ్యాసంలో 'మేము' ఉన్నచోటల్లా 'నేను' పెట్టు. సరస్సు సంగతి మొదట్లోనే, జరిగింది జరిగినట్టు రాయి. అది గొప్పలు చెప్పుకోవడం కాదే, సాక్ష్యం చెప్పడం… ఆ, రాసుకో.

ఇంతకీ ఆ ఒక్క కాలేజీ ఉందిగా, వెయిటింగ్ లిస్టులో పెట్టింది? వాళ్ల దగ్గర్నుంచి ఏమైనా—

…ఎప్పుడు?

నిన్నా? నిన్న ఫోన్ చేశారా? మరి ఇంతసేపూ నాతో ఆర్గన్ ఆవిడ గురించి మాట్లాడతావేమిటే?… నిదానంగానే ఉన్నాను. ఏమన్నారో చెప్పు, ఒక్క మాట వదలకుండా… ఒక సీటు ఖాళీ అయింది… ఊ… 'మీకు ఇంకా చేరాలని ఉందా' అని ఆఫీసు ఆవిడ అడిగింది… నువ్వు?

…

'నాకంటే అవసరమైన వాళ్లుంటే వాళ్లకివ్వండి, నాకేం ఫర్వాలేదు' అన్నావు.

…లేదు, ఉన్నాను. కుర్చీలో కూర్చుంటున్నాను.

ఆవిడేమంది?… 'అయితే వద్దనుకోమంటారా'… నువ్వు నసిగావు… 'ఇవాళ్టికి ఆలోచించుకోండి, రేపు మధ్యాహ్నం లోపు చెప్పండి' అంది. అంటే ఇవాళే. అంటే ఇంకో గంటలో. నువ్వేమో పొద్దున్నించీ ఫోన్ పక్కన కూర్చున్నావు, ఆవిడే మళ్లీ చేస్తుందని.

చెయ్యదే. ఆవిడ మీ చర్చి కింద గదిలో కాఫీ పోసే ఆవిడ కాదు. అక్కడ పళ్లెంలో చివరి నిమ్మకాయ కేకు ముక్క మిగిలితే ఎవరూ తీసుకోరు, సగం కోసి సగం వదులుతారు, ఆ సగంలో మళ్లీ సగం. సీటు అలా మిగలదు. వెనకాల నిలబడ్డవాడు మొత్తం నోట్లో వేసుకుని పోతాడు. నేను ఈ నెవార్క్ కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు వడ్డిస్తుంటే 'చాలు చాలు' అంటూ వారం రోజులు పస్తున్నాను. అడగందే అమ్మైనా పెట్టదు, అత్తగారేం పెడుతుంది?

…ఏమిటి? గట్టిగా చెప్పు… ఏడుస్తున్నావా?

ఊ… ఊ… చెప్పు, నేనెక్కడికీ పోను.

…అర్థమైంది. అంటే నీకు కావాలి. ఇంకేదీ ఎప్పుడూ ఇంత గట్టిగా కోరుకోలేదు. కావాలని నోటితో అన్నాక రాకపోతే, ఊరంతా చూస్తుందని. అంతేనా?… చూడనీవే. నాలుగు రోజులు చూస్తారు, తర్వాత ఎవడి ట్రాక్టరో గోతిలో పడుతుంది, దాన్ని చూస్తారు. కానీ అడక్కుండా పోతే నువ్వు నాలుగు రోజులు కాదు, బతికినన్నాళ్లూ చూసుకుంటావు. నాకు కోపం లేదే, బ్రిట్టా. భయంగా ఉంది. నువ్వు మంచి డాక్టరువి అవుతావు. ఆ సంగతి తెలియాల్సిన వాళ్లకి తప్ప అందరికీ తెలుసు, అదీ నా భయం.

ముక్కు తుడుచుకో. నేను ఆ ఆఫీసు ఆవిడనని అనుకో. 'మీకింకా చేరాలని ఉందా?'… ఊహూఁ. 'మీకు వీలైతే' ఎందుకు? తీసెయ్. మళ్లీ. 'చేరాలని ఉందా?'… 'బహుశా' ఏమిటే, వానొస్తుందా అని అడిగానా? మళ్లీ… ఆ. కాస్త గట్టిగా. నీ పక్కన ఎవరూ నిద్రపోవడం లేదు… ఇంకోసారి… అదీ. అంతే. ఆకాశం కూలిందా?… చూశావా.

ఇక చెయ్యి, వెళ్లు… మీ సాల్ పెదనాన్నకి చెప్తాలే… ఆ, మీ అమ్మని అడిగానను… ఇదుగో, మొదలుపెట్టావు. వెళ్తామన్నాక గుమ్మం దగ్గర అరగంట, కారు దగ్గర అరగంట, మన వాళ్ల వీడ్కోళ్లన్నీ ఇంతే. ఇవాళ అవన్నీ వద్దు. ఒక్క మాట మాత్రం విను. సీటు వెళ్లిపోయిందని ఆవిడ చెప్పినా సరే, నువ్వు నోరు తెరిచి అడిగావంటే నాకు—

హలో?

బ్రిట్టా?

…పెట్టేసింది. సాల్, నా మాట మధ్యలో పెట్టేసింది. ఉంటానని కూడా అనలేదు… కాదు, సిగ్నల్ పోలేదు, తనే పెట్టేసింది. మా వంశంలో ఎవరూ ఇలా చెయ్యలేదు… నవ్వకు. నేనేం ఏడవడం లేదు. ఆ ఫోను అక్కడే బల్ల మీద ఉండనీ, ఎవరూ ముట్టుకోవద్దు.