నల్ల అట్ట పుస్తకం

ఈ ఉదయం మూడో ఫ్రీజర్ వెనక రాగి గొట్టం మీద సబ్బు నురగ ఇంకా ఆరలేదు. పదవీ విరమణ రోజున కూడా మావయ్య బ్రష్షు పట్టుకున్నారన్నమాట. క్షమించండి, ముందు నమస్కారాలు చెప్పాలి. అధ్యక్ష స్థానంలో ఉన్న మన సూపర్‌మార్కెట్ యజమానిగారికి, పెద్దలకు, బిల్లింగ్ కౌంటర్ల అక్కలకు నమస్కారం. నేను పైగదిలో ఉత్తరాలు రాసే అమ్మాయిని. నా గొంతు చాలామంది ఇవాళే వింటున్నారు. (నవ్వులు)

మన ఫ్రీజర్ల మెకానిక్‌ని అందరం సబ్బు మావయ్య అంటాం. గొట్టాలకు సబ్బునీళ్లు పూసి, బుడగ లేచిన చోట చల్లబరిచే గ్యాస్ పోతోందని ఆయన పట్టుకోవడం, కొత్త యంత్రం కావాలని అడగడం, వచ్చే ఏడు చూద్దామని యజమానిగారు అనడం, మావయ్య అతుకు వేసి మళ్లీ గ్యాస్ నింపడం, ఎన్ని కిలోలు పోయిందో నల్ల అట్ట పుస్తకంలో రాసుకోవడం, ఇదంతా పందొమ్మిదేళ్లుగా ఒక్క ఏడు కూడా తప్పకుండా జరిగింది. మన క్రమశిక్షణ అలాంటిది. (నవ్వులు)

"పోతుందని తెలిసీ ఎందుకు నింపుతారు మావయ్యా?" అని ఒకసారి అడిగాను.

"నింపకపోతే ఐస్‌క్రీమంతా కరిగి కాలవ కడుతుంది. నువ్వొచ్చి తుడుస్తావా తల్లీ?"

"మరి రాయడమెందుకు?"

"ఎప్పుడో ఒకప్పుడు ఎవరో అడుగుతారు. అప్పుడు తెల్లమొహం వెయ్యకూడదుగా."

ఎవరూ అడగలేదు. ఈలోగా, వాతావరణాన్ని వేడెక్కించే ఇలాంటి గ్యాసులను దుకాణాల్లో, హోటళ్లలో దశలవారీగా మానిపించే చట్టం ముసాయిదా వచ్చింది, అభ్యంతరాలుంటే పంపమని ప్రభుత్వం అడిగింది. యజమానిగారు నన్ను పిలిచి, "మా దగ్గర ఇన్నేళ్లలో పిసరంత గ్యాస్ కూడా బయటికి పోలేదు, మాకీ చట్టం అక్కర్లేదు అని రాయమ్మా. కాన్వెంటులో చదివినదానివి, గట్టిగా రాయి. ఆధారాలు కూడా జతచెయ్యి" అన్నారు. అదే నోటితో, మెకానిక్ గదిలోని పాత పుస్తకాలన్నీ చిత్తుకాగితాలవాడికి వేసెయ్యమన్నారు. వారికి శుభ్రత ముఖ్యం.

చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం నాకు బడిలో నేర్పారు.

ఇందాక మావయ్య నా దగ్గరికొచ్చి, "నా పుస్తకం కనబడ్డం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్దామనుకున్నా" అన్నారు. (ఆయన వైపు తిరిగి) మావయ్యా, అది చిత్తుకాగితాల్లోకి పోలేదు.

ఓపిగ్గా విన్నారు, కృతజ్ఞతలు. ఇక కూర్చుంటాను, సెలవు. అన్నట్టు, నిన్న యజమానిగారు సంతకం పెట్టిన అభ్యంతర పత్రం ఈ ఉదయమే రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది. ఆధారంగా ఆ పుస్తకం జతచేశాను.