గురి దిద్దిన చేయి: శ్రీ బాలనర్సయ్య గారి పదిహేడేళ్ల సేవ

1981 జూన్ 15, సోమవారం ఉదయం, జూబ్లీహిల్స్ బండరాళ్ల నడుమ అప్పుడప్పుడే చదును చేసిన మన కొండవాలు రైఫిల్ క్లబ్బు ఆవరణలోకి శ్రీ బాలనర్సయ్య గారు ఆయుధశాల సంరక్షకులుగా అడుగుపెట్టారు. అప్పటికి వారి వయస్సు నలభై ఒకటి. సనత్‌నగర్‌లోని ఒక కర్మాగారంలో పద్దెనిమిదేళ్లు లేత్ యంత్రం మీద ఇనుము చెక్కిన అనుభవమే వారి అర్హత. అంతవరకు తుపాకీని చేతితో తాకిన వారు కారు. “రైఫిళ్ల గురించి మీకేం తెలుసండీ?” అని క్లబ్బు కార్యదర్శి శ్రీ వీరరాఘవయ్య గారు ప్రశ్నిస్తే, “ఇనుము తెల్సు సార్. గది గూడ ఇనుమే గదా” అని వారు వినయంగా బదులిచ్చారట. ఆ సమాధానం నచ్చి ఉద్యోగమిచ్చినట్టు కార్యదర్శి గారు నేటికీ సగర్వంగా చెప్పుకుంటారు.

తొలి అయిదేళ్లలో క్లబ్బులోని ప్రతి రైఫిల్‌నూ విప్పి, శుభ్రపరిచి, తిరిగి బిగించి, దాని గుణదోషాలను ఒక రిజిస్టరులో ముత్యాల వంటి అక్షరాలతో నమోదు చేయడం వారు నియమంగా పెట్టుకున్నారు. ఏ సభ్యునికైనా గురి తప్పితే, దోషం తుపాకీదో మనిషిదో తేల్చే తీర్పరి ఆ రిజిస్టరే అయింది. ఇంతలో పక్కనే ఫిల్మ్‌నగర్ వెలిసింది. నిజమైన రైఫిల్ ఒక్కపూట ఇవ్వమని చిత్ర నిర్మాణ సంస్థల మేనేజర్లు తరచుగా వచ్చేవారు. “మీ హీరోకు కట్టెది జాలు సార్. గాయన ఎట్లైనా గురి తప్పడు గదా!” అని నవ్విస్తూనే వారిని గేటు దాకా సాగనంపడంలో నర్సయ్య గారిది అందె వేసిన చేయి.

వారి వృత్తి జీవితంలో 1994వ సంవత్సరం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. మధురానగర్ నివాసి, సినీ శబ్దగ్రాహకులు శ్రీ కాశీవిశ్వనాథం గారి కుమార్తె కుమారి పుష్పవల్లి అప్పుడు డిగ్రీ విద్యార్థిని. యాభై మీటర్ల దూరానికి, పడుకొని కాల్చే పోటీలో ఆమెది మన క్లబ్బులో అగ్రస్థానం. అయితే ఆ ఆగస్టు నుంచి ఆమె తూటాలు లక్ష్యపత్రం మీద ఒకటి పైన, ఒకటి కింద, నిలువు గీత గీసినట్టు పడసాగాయి. ఊపిరి బిగపట్టడంలో లోపమని కొందరు, పరీక్షల బెంగ అని కొందరు తలా ఒక మాట అన్నారు. రైఫిల్‌ను పరీక్షించమని ఆమె కోరగా, నర్సయ్య గారు మరలన్నీ చూసి, ఇసుక సంచుల మీద ఆనించి తామే పది తూటాలు కాల్చారు. పదీ ఒక్కచోట గుమిగూడాయి. “రైఫిల్ నిర్దోషం. లోపం కాల్చేవారిది” అని రిజిస్టరులో రాసి సంతకం చేశారు.

ఆ వాక్యం చదివిన పుష్పవల్లి మర్నాటి నుంచి రావడం మానేసింది.

మూడు వారాల తరువాత ఆయుధశాల అలమర సర్దుతూ ఉండగా నర్సయ్య గారికి తాము ఆనాడు వాడిన తూటాల పెట్టె కనబడింది. అది నిరుటి సరుకులో మిగిలిన ఒకే ఒక్క పెట్టె. పుష్పవల్లి వాడుతున్నది ఆగస్టులో దిగుమతి అయిన కొత్త సరుకు. ఆయన అప్పటికప్పుడు అదే రైఫిల్‌లో కొత్త తూటాలు నింపి కాల్చి చూశారు. ఇసుక సంచుల మీద సైతం, ఊపిరితో నిమిత్తం లేకుండా, తూటాలు నిలువునా చీలిపోయాయి.

ఆ సాయంత్రమే వారు మధురానగర్ వెళ్లి, తలుపు తీసిన పుష్పవల్లితో గడపలో నిలబడే, “తప్పు నీది గాదు బిడ్డా, నాది. పాత తూటలు వెట్టి చూసి నీ మీద రాసిన” అన్నారు. ఆమె కళ్లనీళ్లు తుడుచుకుంటూ, “మరి ఎందుకలా పడుతున్నాయి నర్సయ్య గారూ?” అని అడిగింది. “గదే సమజైతలేదు” అని ఒప్పుకున్నారాయన.

కాశీవిశ్వనాథం గారు లోపలికి ఆహ్వానించి విషయమంతా విన్నారు. ఎవరో మిత్రులు పంపిన విదేశీ తుపాకుల పత్రికలో, గొట్టం చివర ఒక బరువును తగిలించిన బొమ్మను ఆయన అంతకుముందే చూసి ఉన్నారు. దాన్ని ట్యూనర్ అంటారట. పత్రిక తెచ్చి చదివి వినిపించి, నర్సయ్య గారికి బోధపడడానికి, నటుల తలల మీదికి మైకును చాచే తమ పొడవాటి గొట్టాన్ని బల్లకు బిగించి వేలితో మీటారు. దాని కొస కిందికీ పైకీ ఊగింది.

“చూశారాండీ, తూటా పేలగానే తుపాకీ గొట్టం కూడా ఇలాగే వణుకుతుంది. మన కంటికి కనబడదంతే. అన్ని తూటాలూ ఒకే వేగంతో వెళ్లవు కదా, మీ కొత్త సరుకులో ఆ తేడా ఎక్కువై ఉంటుంది. నెమ్మదైనది దారిలో ఎక్కువ కిందికి జారుతుంది.”

“జారితె కింద వడ్తది. మరి బరువేం జేస్తది సార్?”

“నెమ్మదైన తూటా గొట్టంలోంచి బయటపడటం కూడా రవంత ఆలస్యమే కదండీ. ఆ సమయానికి కొస పైకి లేస్తూ ఉంటే, అది కాస్త ఎత్తుగా బయలుదేరుతుంది. తరువాత జారబోయేదాన్ని ముందే పూడ్చుకున్నట్టు! కొస ఎప్పుడు లేవాలో ఈ బరువును ముందుకీ వెనక్కీ జరిపి కుదుర్చుకోవాలి.” అంటూ ఆయన గొట్టానికి ఒక తాళంచెవుల గుత్తి తగిలించి మళ్లీ మీటారు. ఊపు మారింది. నర్సయ్య గారు టీ తాగడం కూడా మరచి, ఆ గుత్తిని ఇటూ అటూ జరుపుతూ గంటసేపు కూర్చున్నారు.

మర్నాడు అలాంటి బరువును రైఫిల్‌కు తగిలిస్తానని నర్సయ్య గారు అడిగితే, కార్యదర్శి గారు ససేమిరా అన్నారు. “విదేశీ రైఫిల్ నర్సయ్యా! గొట్టం మీద గీత పడితే క్లబ్బు కార్యవర్గానికి నేనేం సమాధానం చెప్పాలి?”

“గీత వడితె నా నౌకరి దీస్కోండి సార్. గా పిల్ల మీద నేను రాసిన అబద్ధం మాత్రం ఉండొద్దు.”

ఆ మాట ముందు కార్యదర్శి గారు మెత్తబడ్డారు. నర్సయ్య గారు పాత కర్మాగార మిత్రుల లేత్ మీద, గొట్టానికి గీత పడని పట్టీతో, మరచుట్ల మీద జరిగే ఉక్కు బరువును స్వయంగా తయారు చేశారు. దాని తూకం, పొడవు పోటీ నిబంధనలకు లోబడి ఉన్నాయని కార్యదర్శి గారే పుస్తకం తిరగేసి ధ్రువీకరించారు. ఇక ప్రతి ఉదయం పుష్పవల్లి అయిదు తూటాలు కాల్చడం, నర్సయ్య గారు బరువును పావు చుట్టు తిప్పడం, మళ్లీ అయిదు కాల్చడం. మొదట చీలిక తగ్గకపోగా పెరిగింది. తొమ్మిదవ రోజున నిలువు గీత కుంచించుకుపోయి, అయిదు తూటాలూ ఒకే చిల్లు చుట్టూ పడ్డాయి. మరో పావు చుట్టు తిప్పితే మళ్లీ చీలాయి. వెనక్కి తిప్పితే కలిశాయి. పుష్పవల్లి కేరింతలు కొట్టి, సంచిలోంచి గోళ్ల రంగు తీసి, ఆ స్థానంలో ఎర్రని చుక్క పెట్టింది. నర్సయ్య గారు రిజిస్టరు తెరిచి, పాత వాక్యాన్ని కొట్టివేయకుండా, దాని కిందనే, “పై అభిప్రాయం తప్పు. తప్పు నాది” అని రాసి సంతకం చేశారు.

డిసెంబరులో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ మన మైదానంలోనే జరిగింది. అరవై తూటాల పోటీలో నలభై దాకా పుష్పవల్లి గురి నిలకడగా సాగింది. నలభై ఒకటవ తూటా నడిమి పది మార్కుల వలయం తప్పి, ఎనిమిదిలో పడింది. వెనుక వరుసలో నర్సయ్య గారు నిలుచుని ఉన్నారు. పట్టీ సడలిందేమోనన్న భయంతో వారు కుర్చీ అంచు పట్టుకున్నారు. ఆమె మాత్రం తల తిప్పలేదు. మోచేతిని సరిచేసుకుని మిగిలిన పందొమ్మిది తూటాలనూ కాల్చింది. ఫలితం ఆరు వందలకు 584, ఆమె స్థానం ప్రథమం. లేచి రాగానే, “ఆ ఎనిమిది నాదే నర్సయ్య గారూ! మోచెయ్యి జారింది. రైఫిల్‌ని ఏమీ అనకండి” అని పకపకా నవ్వింది. ఆ క్షణాన నర్సయ్య గారు భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకోవడం చూసిన వారం మనలో అనేకులం ఉన్నాము.

జాతీయ పోటీలలో ఆమె ఆరవ స్థానం పొందిన పిమ్మట ట్యూనర్ కావాలని సభ్యులందరూ క్యూ కట్టారు. “గిది మంత్రం గాదు. దూరం మారితే, తూట సరుకు మారితే మల్ల తిప్పుకోవాలె” అని ఒక్కొక్కరికీ హెచ్చరిస్తూ, నర్సయ్య గారు మరో ఏడు తయారు చేశారు. ఏ రెండు గొట్టాలూ ఒకే తీరుగా వణకవు కనుక, ప్రతి దానికీ ఓపికగా స్థానం వెతికి పెట్టారు. గత రెండేళ్లుగా తమ విద్యనంతటినీ దాచుకోకుండా కొత్త సంరక్షకురాలు శ్రీమతి మంజులత గారికి నేర్పారు.

ఈ 1998 ఏప్రిల్ 30న వారు పదవీ విరమణ చేస్తున్నారు. సన్మాన సంఘం వారు ఎర్రగడ్డలోని ఇంటికి వెళ్లి, ఏ కానుక ఇస్తే బాగుంటుందని వారి ధర్మపత్ని శ్రీమతి దేవమ్మ గారిని అడిగారు. ఆమె, “కానుకలేం వద్దయ్యా. పదిహేడేండ్లు గా తుపాకుల మొకమే జూసిండు. ఇగ జర నా మొకం జూడుమని మీరన్న జెప్పుండ్రి” అన్నారు.

సంఘం ఆ కోరికను ఏకగ్రీవంగా ఆమోదించింది. తప్పును ఒప్పుకోవడమూ, ఒప్పుకున్నదాన్ని సరిదిద్దడమూ రెండూ మాకు నేర్పిన శ్రీ బాలనర్సయ్య గారికి, నిండు ఆరోగ్యంతో, చెక్కుచెదరని చూపుతో, వణకని చేతులతో సుదీర్ఘమైన జీవితం లభించాలని మనసారా కోరుకుంటున్నాము. ప్రతి మధ్యాహ్నం ఇంట్లోనే, పొగలు కక్కే అన్నం ముందు, దేవమ్మ గారి ఎదురుగా కూర్చునే భాగ్యం వారికి నూరేళ్ల దాకా కలగాలని ఆకాంక్షిస్తున్నాము.