ఇనుము పట్టిన గుండె

టేకులపల్లి దాటి ఖమ్మం వైపు పరుగెడుతున్న అంబులెన్స్. స్ట్రెచర్ మీద ఇరవై రెండేళ్ల కోటేష్. పక్కన తల్లి ద్వాలి, ఎదురుగా టెక్నీషియన్ రామ్‌సింగ్.

“వద్దు సారూ! ఆ మందు పెట్టకు. నీ కాల్మొక్త, వద్దు.”

“పిలగానికి ఊపిరాడతలేదు గదమ్మా. ఇది పీలిస్తే ఛాతీ ఇడుస్తది.”

“ఛాతీ ఇడుస్తది, గుండె ఉరుకుతది. వాని గుండెల ఇనుమున్నది.”

“ఇనుమేంది?”

“తలసేమియా సారూ. చిన్నప్పటి సంది నెలకు రెండుసార్లు రక్తమెక్కిస్తున్నం. ఆ రక్తంల ఇనుమంత గుండెకు పట్టిందని పెద్ద డాక్టర్ చెప్పిండు.”

“మరి గీ మందు వద్దని ఎవరన్నరు?”

“నా బిడ్డ సోని. హైదరాబాద్‌ల మందుల మీద పరిశోధన చేస్తది. ఎలకలకు ఇనుమెక్కిచ్చి గిసొంటి మందే ఇచ్చిండ్రంట. ఉత్త ఎలకలు తట్టుకున్నయంట. ఇనుమున్నయి…”

“ఇనుమున్నయి?”

“ఫోన్‌ల గాడికే ఆపింది.”

“ఎలకలు వేరు, మనిషి వేరమ్మా.”

“నేనూ గదే అన్న. ‘మనిషి సంగతి నాకూ తెల్వదే అమ్మా, తెల్వకనే భయమైతుంది’ అన్నది.”

“సరే, ఉత్త ఆక్సిజనే పెడుతున్న. ఏది, వేలియ్యి తమ్మీ… అమ్మా, నాడి నూట అరవై ఉన్నది. మందియ్యకముందే గింత ఉరుకుడేంది? ఇంట్ల ఏమన్న ఇచ్చిండ్రా?”

“ఏమిస్తం? వేన్నీళ్లు తాపిన.”

“వేన్నీళ్లేనా?”

“అవ్, వేన్నీళ్లే. బండి జల్దీ పొమ్మను.”

“కోటేష్, ఇటు చూడు. ఏమన్న పీల్చినవా?”

“లే… లేదన్నా. ఏం… పీల్చలే.”

“వాన్ని మాట్లాడియ్యకు సారూ. పెదాలు చూడు, నల్లగైతున్నయి.”

“హలో, డాక్టర్ సార్, రామ్‌సింగ్‌ను. తలసేమియా పేషెంట్ సార్, గుండెల ఇనుమున్నదంట. నాడి నూట అరవై… ఏం ఇయ్యలేదంటున్నరు సార్… ఆ, అడుగుత. అమ్మా, ఏ సూది ఇయ్యాల్నో సార్ చెప్తడు. ముందుగాల నిజం తెల్వాలె. మళ్ల అడుగుతున్న.”

“అడిగినవ్ గద.”

“మళ్ల అడుగుతున్న.”

“అమ్మా… ఊకో… చెప్పకు…”

“నువ్వూకో బిడ్డా. సారూ, ఫోను నాకియ్యి. డాక్టర్ సారూ… నేను వీని అమ్మను. పక్కింటామె మందు పీల్చే దమ్ము మిషన్ తెచ్చి, పొద్దుగాల్నుంచి నాలుగుసార్లు గదే మందు పట్టిన. సోని ఫోన్ చేసేటాల్లకు నాలుగోది వీని మూతికే ఉన్నది.”